పాడ్‌కాస్ట్‌లతో టెక్నాలజీ, వ్యాపారం, విశ్వాసం గురించి నేర్చుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

సబ్‌స్క్రైబ్ చేసినవి ముప్పై, వింటున్నవి రెండు, గుర్తున్నది శూన్యం. పాడ్‌కాస్ట్‌లు వినేవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. దీనికి మన బద్ధకాన్ని తిట్టుకోనక్కర్లేదు. మూడు రకాల విషయాలని ఒకే తీరున వినడం దగ్గరే చిక్కంతా ఉంది. టెక్నాలజీ గురించి చెప్పిన మాట తొందరగా పాతబడుతుంది. వ్యాపార కథలు ఎక్కువగా గెలిచినవాళ్ల నోటి నుంచే వస్తాయి. విశ్వాసం, అంటే మతం, ఆధ్యాత్మికత గురించి విన్నదాన్ని అక్కడికక్కడ తేల్చేయలేం, కొన్నాళ్లు మనసులో పెట్టుకుని తిరగాలి. ఈ మూడింటికీ ఎంపిక వేరు, వేగం వేరు, విన్నాక చేయాల్సిన పని వేరు. ఇక్కడ చెప్పే షోలు చాలావరకు ఇంగ్లిష్‌లోవి, నాకు నచ్చినవి. మీ జాబితా వేరేగా ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఏ షోకైనా పనికొస్తుంది.

1. ముందు ప్రశ్న, తర్వాతే షో

"టెక్నాలజీ మీద మంచి పాడ్‌కాస్ట్ ఏది?" అని వెతికితే ఎక్కడ చూసినా అవే పేర్లు కనిపిస్తాయి. ఒకటి సబ్‌స్క్రైబ్ చేసి, తాజా ఎపిసోడ్ పెట్టి, సగంలో ఆపేస్తాం. అలా కాకుండా, ఒక్కో రంగంలో మీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్న ఒక్క ప్రశ్న రాసుకోండి. కాస్త పదునైన ప్రశ్న. "సైబర్ సెక్యూరిటీ నేర్చుకోవాలి" అంటే ఎక్కడా ఆనదు. "ఇంటర్నెట్‌కి కలపని కంప్యూటర్‌లోకి కూడా వైరస్ ఎలా దూరుతుంది?" అంటే వెతకడానికి ఒక దారి దొరుకుతుంది. "ప్రపంచంలో అధునాతన చిప్‌లు తయారుచేసే కంపెనీలు ఇంత తక్కువెందుకు?", "ఉపనిషత్తులు 'నేను' అంటున్నది ఎవరిని?" లాంటివి కూడా మంచి ప్రశ్నలే.

ఇప్పుడు యాప్‌లో ఆ ప్రశ్నలోని ముఖ్యమైన మాటతో వెతకండి. చాలా యాప్‌లు షోలతో పాటు ఎపిసోడ్‌లని కూడా చూపిస్తాయి. రెండు మూడు ఎపిసోడ్‌లు మాత్రం క్యూలో వేసుకోండి. ఒకే షోవి వరసగా మూడు నచ్చాయంటే అప్పుడు ఫాలో నొక్కండి. అంతవరకూ ఏ షోకీ మాటివ్వక్కర్లేదు.

2. యాప్, సెట్టింగ్‌లు

పాడ్‌కాస్ట్ నడిచేది ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ మీద. ఆడియో ఫైల్ షో వాళ్లు పెట్టుకున్న సర్వర్‌లో ఉంటుంది. ఫీడ్ అంటే ఆ ఫైళ్ల జాబితా. యాప్ ఆ జాబితాని చదివి, కొత్తది వస్తే మీకు చూపిస్తుంది. అందుకే ఏదో ఒక కంపెనీతో ప్రత్యేక ఒప్పందం ఉంటే తప్ప, ఒకే షో అన్ని యాప్‌లలోనూ దొరుకుతుంది. 2005లో ఆపిల్ దీన్ని ఐట్యూన్స్‌లో చేర్చాక జనంలోకి బాగా వెళ్లింది.

ఆండ్రాయిడ్‌కి ఆంటెన్నాపాడ్ ఉంది. ఉచితం, ఓపెన్ సోర్స్ (అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు). ఐఫోన్‌కి ఓవర్‌కాస్ట్ బాగుంటుంది. రెండు రకాల ఫోన్‌లూ వాడేవాళ్లకి పాకెట్ కాస్ట్స్. ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో 2024 నుంచి ఇంగ్లిష్ ఎపిసోడ్‌లకి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మాట్లాడినదంతా అక్షరాల్లో, వస్తోంది. యాస పట్టుకోవడం కష్టంగా ఉంటే ఆ ఒక్క సదుపాయం కోసమైనా దాన్ని వాడొచ్చు. స్పాటిఫై, యూట్యూబ్‌లలో కూడా వినొచ్చు గానీ, పాటలూ చిన్న వీడియోలూ పక్కనే పిలుస్తుంటే చదువు సాగడం కష్టం. నేర్చుకునేవాటికి వేరే యాప్ పెట్టుకోవడమే మేలు.

ఏ యాప్ తీసుకున్నా, మీ సబ్‌స్క్రిప్షన్‌ల జాబితాని ఓపీఎంఎల్ ఫైల్‌గా బయటికి తీసుకునే వీలుందో లేదో ముందే చూసుకోండి. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది, దానికి ముందు ఏడాది స్టిచర్ మూతపడింది. ఆ ఫైల్ చేతిలో ఉంటే కొత్త యాప్‌లో సర్దుకోవడం నిమిషాల పని.

ఇక సెట్టింగ్‌లు. ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. ఫోన్‌లో వినని ఎపిసోడ్‌లు పేరుకున్నకొద్దీ యాప్ తెరవాలంటేనే నీరసం వస్తుంది. వరసగా సాగే సిరీస్‌లకి 'పాతవి ముందు' అని పెట్టుకోండి, ఎందుకంటే చాలా యాప్‌లు కొత్తదాన్నే పైన పెడతాయి. అన్నిటికన్నా పనికొచ్చేది, ఒక్కో షోకి వేరుగా వేగం పెట్టుకునే సదుపాయం. టెక్నాలజీ వార్తలకి 1.3 రెట్లు, మాటల మధ్య ఖాళీలని కత్తిరించే ఆప్షన్ ఆన్. ప్రవచనాలకి, ధ్యానానికి మామూలు వేగం, ఆ ఆప్షన్ ఆఫ్. వక్త ఒక మాటని మన లోపలికి దిగనిచ్చేది ఆ మౌనంలోనే కదా, దాన్ని కత్తిరిస్తే ఇంకేం మిగులుతుంది? ఇంగ్లిష్ కొత్తగా వినేవాళ్లు 0.8 రెట్ల వేగంతో మొదలుపెట్టడానికి ఏమాత్రం మొహమాటపడొద్దు.

3. కొత్త షోని పరీక్షించడం

మొదటి పది నిమిషాల్లో మూడు సంగతులు గమనించండి. మాట్లాడుతున్నవాళ్లకి ఆ విషయంతో ఎలాంటి సంబంధం ఉంది? దీనికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది? చెప్పినదానికి ఆధారాలు షో నోట్స్‌లో (ఎపిసోడ్ కింద రాసే వివరాల్లో) ఇచ్చారా?

డబ్బు సంగతి కాస్త విడమర్చి చెప్పాలి. పాడ్‌కాస్ట్ ప్రకటనల్లో చాలావాటిని హోస్టే తన గొంతుతో చదువుతాడు. అరగంటగా మీరు నమ్ముతూ వస్తున్న గొంతు ఉన్నట్టుండి పరుపుల గురించో, వీపీఎన్ గురించో చెబుతుంటే అది ప్రకటన అని మెదడుకి తట్టేలోపే సగం నమ్మేస్తాం. ఇంకొన్ని షోలని కంపెనీలే నడుపుతాయి. అందులో తప్పేం లేదు, కమాండ్ లైన్ హీరోస్‌ని రెడ్ హ్యాట్ కంపెనీయే చేసింది, చక్కటి షో. కాకపోతే ఓపెన్ సోర్స్ మీద వ్యాపారం చేసే కంపెనీ ఓపెన్ సోర్స్ గురించి చెబుతోందన్న ఎరుకతో వినాలి. హోస్ట్ మొగ్గు ఎటో తెలిసినా మంచిదే. 2006 నుంచి ఎకాన్‌టాక్ అనే ఆర్థికశాస్త్ర షో నడుపుతున్న రస్ రాబర్ట్స్ స్వేచ్ఛా మార్కెట్ వైపు తన మొగ్గుని దాచుకోడు. అలా బాహాటంగా చెప్పేవాళ్లతోనే మనకి సుళువు.

4. టెక్నాలజీ: వార్తలు వేరు, పునాది వేరు

హార్డ్ ఫోర్క్ లాంటి వారపు షోలు వార్తలకి. న్యూయార్క్ టైమ్స్ తరఫున కెవిన్ రూస్, కేసీ న్యూటన్ 2022 నుంచి నడుపుతున్నారు. సరదాగా, చురుగ్గా ఉంటుంది. ఈ వారంది ఈ వారమే వినాలి, మూడు నెలల పాతవి వదిలేయడానికి ఆలోచించక్కర్లేదు.

పునాదికి వేరే షోలు కావాలి. కమాండ్ లైన్ హీరోస్ మూడో సీజన్ అంతా ప్రోగ్రామింగ్ భాషల చరిత్రే. కోడ్ రాయనివాళ్లకి కూడా అర్థమవుతుంది. సెక్యూరిటీ నౌలో స్టీవ్ గిబ్సన్, లియో లపోర్ట్ కంప్యూటర్ భద్రత గురించి 2005 నుంచి వారం వారం మాట్లాడుతున్నారు, 2024లో వెయ్యో ఎపిసోడ్ దాటారు. ఇప్పటి ఎపిసోడ్‌లు చాలా పొడుగు, కొత్తవాళ్లకి భారంగా ఉంటాయి. ట్రాన్స్‌క్రిప్ట్‌లు గిబ్సన్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి కాబట్టి ఒక మాట వెతుక్కుని, దాని గురించి చెప్పిన భాగం మాత్రమే చదవొచ్చు. ప్రోగ్రామర్లకైతే 2009 నుంచి నడుస్తున్న ద చేంజ్‌లాగ్, వెబ్ పని చేసేవాళ్లకి సింటాక్స్.

నేను ఎవరికైనా మొదట చెప్పేది మాత్రం డార్క్‌నెట్ డైరీస్. జాక్ రైసైడర్ 2017లో మొదలుపెట్టాడు, హ్యాకింగ్ చుట్టూ జరిగిన నిజమైన కథలు. ఇందులో స్టక్స్‌నెట్ ఎపిసోడ్‌తో పద్ధతి చూపిస్తాను, ఇందాకటి 'ఇంటర్నెట్‌కి కలపని కంప్యూటర్' ప్రశ్నకి సరిపోతుంది. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో సెంట్రిఫ్యూజ్‌లని (యురేనియం శుద్ధికి గిర్రున తిరిగే యంత్రాలని) దెబ్బతీసిన వైరస్ కథ అది. యూఎస్‌బీ డ్రైవ్‌ల ద్వారా పాకింది. సెంట్రిఫ్యూజ్‌ల వేగాన్ని పైకీ కిందికీ మారుస్తూ, కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్ల తెరల మీద మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టు చూపించింది.

మొదటిసారి ఆపకుండా కథలాగే వినండి. అయ్యాక, అర్థం కాకుండా జారిపోయిన మాటలు రాయండి. బహుశా జీరో-డే, పీఎల్‌సీ, డిజిటల్ సర్టిఫికెట్ ఉంటాయి. జీరో-డే అంటే సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకే ఇంకా తెలియని లోపం, స్టక్స్‌నెట్ అలాంటివి నాలుగు వాడింది. పీఎల్‌సీ అంటే ఫ్యాక్టరీ యంత్రాలని నడిపే చిన్న కంప్యూటర్, ఇక్కడ సీమెన్స్‌ది. డిజిటల్ సర్టిఫికెట్ అంటే 'ఈ సాఫ్ట్‌వేర్ ఫలానా కంపెనీదే' అని విండోస్‌కి నమ్మకం కలిగించే సంతకం. స్టక్స్‌నెట్ రెండు అసలు కంపెనీల నుంచి దొంగిలించినవి వాడుకుంది. ఈ మూడు మాటలూ తేల్చుకుని అదే ఎపిసోడ్ మళ్లీ వినండి. కథ అదే అయినా, ఈసారి ఏ అడుగు ఎందుకు వేశారో తెలుస్తుంది. కొత్త ఎపిసోడ్‌లు నాలుగు వినేకన్నా ఈ రెండోసారి వినడంలోనే ఎక్కువ చదువుంది.

లెక్స్ ఫ్రిడ్‌మన్, ద్వార్కేశ్ పటేల్ లాంటివాళ్ల ఇంటర్వ్యూలు గంటల తరబడి సాగుతాయి. మొదటి నుంచి చివరిదాకా వినాలన్న పట్టుదల వద్దు. ట్రాన్స్‌క్రిప్ట్‌నో, చాప్టర్‌లనో తిరగేసి మీ ప్రశ్నకి దగ్గరగా ఉన్న అరగంట వినండి.

5. వ్యాపారం: ఓడినవాళ్లు మైకు ముందుకు రారు

ఆర్థిక విషయాల్లో అక్షరాభ్యాసానికి ప్లానెట్ మనీని మించింది నాకు కనిపించలేదు. అమెరికాలో ఎన్‌పీఆర్ అనే రేడియో సంస్థ 2008 ఆర్థిక సంక్షోభం నడుస్తుండగా మొదలుపెట్టింది. వీళ్లకో మంచి అలవాటుంది, దేని గురించైనా చెప్పాలంటే ముందు దాన్ని కొనేస్తారు. సంక్షోభానికి కారణమైన విష ఆస్తుల (విలువ పడిపోయిన ఇంటి అప్పుల పత్రాల) గురించి చెప్పడానికి వెయ్యి డాలర్లు పెట్టి అలాంటిదొకటి కొన్నారు. ముడిచమురు గురించి చెప్పడానికి కాన్సస్‌లో వంద బ్యారెళ్లు కొన్నారు. 2013లో శ్రోతల డబ్బుతో టీషర్ట్ తయారు చేయించి దాని వెంటే తిరిగారు. పత్తి అమెరికాలో పండింది, మగవాళ్ల షర్ట్‌కి నూలు ఇండోనేషియాలో వడికారు, కుట్టింది బంగ్లాదేశ్‌లో. ఆడవాళ్లది కొలంబియాలో కుట్టారు. ఒకే రకం షర్ట్‌ని రెండు దేశాల్లో కుట్టేసరికి కూలి డబ్బుల్లో తేడా ఎక్కణ్నుంచి వస్తుందో పాఠంలా కాకుండా మనుషుల గొంతుల్లో వినిపిస్తుంది. ముందు ఈ సిరీస్ వినండి. సమయం లేనివాళ్లకి వీళ్లదే ది ఇండికేటర్ ఉంది, పది నిమిషాల్లో అయిపోతుంది.

తర్వాత కంపెనీల కథలు. గై రాజ్ 2016 నుంచి చేస్తున్న హౌ ఐ బిల్ట్ దిస్‌లో వ్యవస్థాపకులే తమ కథ చెబుతారు. చివర్లో ఒక ప్రశ్న తప్పనిసరి: ఈ విజయంలో మీ కష్టమెంత, అదృష్టమెంత? నేనైతే ముందు ఆ జవాబు విని, తర్వాత మొదటికి వస్తాను. తన అదృష్టాన్ని ఒప్పుకున్న మనిషి మిగతా కథని ఎక్కువ నిజాయితీగా చెప్పి ఉంటాడని నా లెక్క. ఈ షోలో కూర్చున్నవాళ్లంతా నెగ్గినవాళ్లే. అవే పనులు చేసి మునిగిపోయినవాళ్లు ఎందరో ఈ షో మనకి చెప్పలేదు. అందుకే "ఇల్లు తాకట్టు పెట్టాను, అందుకే గెలిచాను" అన్న మాట విన్నప్పుడు కాస్త ఆగాలి.

దీనికి విరుగుడుగా 2014 నాటి స్టార్టప్ మొదటి సీజన్ వినండి. అలెక్స్ బ్లూంబర్గ్ తన కంపెనీ పెట్టుకుంటూ ఆ తంతునంతా రికార్డ్ చేశాడు. మొదటి ఎపిసోడ్‌లో క్రిస్ సాకా అనే పేరున్న ఇన్వెస్టర్ ముందు తన ఆలోచన చెప్పబోయి తడబడతాడు, మాటలు ఎటో పోతాయి. సాకా అతన్ని ఆపి, అదే ఆలోచనని తనే రెండు నిమిషాల్లో సూటిగా చెప్పి చూపిస్తాడు. ఫలితం ఏంటో తెలియని మనిషి గొంతు అది. గెలిచాక వెనక్కి తిరిగి చెప్పే కథల్లో ఆ వణుకు దొరకదు. ఆ కంపెనీయే గిమ్లెట్, 2019లో స్పాటిఫై కొనేసింది.

లోతు కావాలంటే అక్వైర్డ్. బెన్ గిల్బర్ట్, డేవిడ్ రోసెంతల్ ఒక కంపెనీ పుట్టుపూర్వోత్తరాలన్నీ మూడు నాలుగు గంటలు చెబుతారు, చివర్లో ఆ కంపెనీని పోటీదారులు ఎందుకు దెబ్బతీయలేకపోయారో విశ్లేషిస్తారు. ఇందాకటి చిప్‌ల ప్రశ్నకి తైవాన్ చిప్ కంపెనీ టీఎస్‌ఎమ్‌సీ మీది ఎపిసోడ్ వినండి. 1987లో మోరిస్ చాంగ్ పెట్టిన ఆ కంపెనీ సొంత చిప్ డిజైన్ చేయదు, ఇతరులవి తయారుచేసి ఇస్తుంది. తమకి పోటీగా రాదన్న ఆ నమ్మకంతోనే చాలా డిజైన్ కంపెనీలు అక్కడికి వెళ్లాయి. టెక్నాలజీ ప్రశ్నకి జవాబు వ్యాపారంలో దొరకడం అంటే ఇదే. ఒక్క రోజులో వినాలని చూడకండి, వారమంతా కొంచెం కొంచెంగా సాగనివ్వండి.

వ్యాపార ఎపిసోడ్ ఏది విన్నా మూడు ముక్కలు రాసుకోవాలి. మొదటి డబ్బు ఎవరిచ్చారు? కొన్నవాళ్లు ఎందుకు కొన్నారు? ఏ ఒక్కటి జరగకపోతే కథ అక్కడే ఆగిపోయేది? మూడోదానికి జవాబు దొరకలేదంటే ఆ ఎపిసోడ్ పొగడ్త పత్రం అనుకోవచ్చు. అంకెల మీద చెవి పదునెక్కాలంటే బీబీసీవాళ్ల మోర్ ఆర్ లెస్ తోడు పెట్టుకోండి, వార్తల్లో తిరిగే లెక్కల్ని విప్పి చూపించడమే దాని పని. షేర్లు కొనమనీ అమ్మమనీ చెప్పేవాళ్ల దగ్గర మాత్రం, ఆ షేర్లు వాళ్ల దగ్గరున్నాయో లేదో చెప్పేదాకా ఒక్క మాటా లెక్కలోకి తీసుకోకండి.

6. విశ్వాసం: లోపలి గొంతు, బయటి గొంతు

ఇక్కడ వక్తలు ప్రధానంగా రెండు రకాలు. ఒకరు ఆ సంప్రదాయంలో ఉండి, దాన్ని ఆచరిస్తూ బోధించేవాళ్లు. ఇంకొకరు దాన్ని చరిత్రగా, తత్వంగా చదివే పండితులు. మొదటివాళ్ల దగ్గర 'నేనెలా బతకాలి' అన్నదానికి జవాబు దొరుకుతుంది. 'ఈ గ్రంథం ఎప్పుడు, ఎలా వచ్చింది' అన్నది రెండోవాళ్లని అడగాలి. ప్రశ్న ఏదైనా రెండు వైపుల నుంచీ ఒక్కొక్కటి వినమంటాను.

'నేను ఎవరు' అన్న ప్రశ్న తీసుకుందాం. లోపలి గొంతుకి న్యూయార్క్ వేదాంత సొసైటీ స్వామి సర్వప్రియానంద ప్రసంగాలున్న వేదాంత టాక్స్. మాండూక్య ఉపనిషత్తు మీద ఆయన ప్రసంగాలు వినేటప్పుడు మంత్రాలు ముందు పెట్టుకోండి, మొత్తం పన్నెండే. అందులో చెప్పేది మెలకువ, కల, గాఢనిద్ర, వీటన్నిటికీ సాక్షిగా ఉన్న నాలుగోది, తురీయం. ఒక్కో ప్రసంగానికి ఒక్క మంత్రం దాటకపోయినా నష్టం లేదు. ఆయన ప్రసంగాల చివర్లో ప్రశ్నోత్తరాలు ఉంటే వదలొద్దు, మనకొచ్చిన సందేహమే ఎవరో ఒకరు అడుగుతారు. బయటి గొంతుకి బీబీసీ ఇన్ అవర్ టైమ్‌లో ఉపనిషత్తుల ఎపిసోడ్. మెల్విన్ బ్రాగ్ 1998 నుంచి 2025 దాకా నడిపిన ఈ షోలో ముగ్గురు పండితులు ముప్పావు గంటసేపు ఒక్క విషయాన్నే పట్టుకుంటారు, ఒకరితో ఒకరు విభేదిస్తారు. ఇంకా కావాలంటే పీటర్ ఆడమ్సన్ తత్వశాస్త్ర చరిత్ర పాడ్‌కాస్ట్ ఉంది. అందులో భారతీయ తత్వం భాగాన్ని జొనార్డన్ గనేరితో కలిసి చేశారు. ఇస్లామిక్ ప్రపంచపు తత్వానికీ అందులో పెద్ద భాగమే ఉంది.

బైబిల్ చదవాలనుకునేవాళ్లకి రెండు దారులు. ఫాదర్ మైక్ ష్మిట్జ్ 2021 జనవరిలో మొదలుపెట్టిన ద బైబిల్ ఇన్ ఎ ఇయర్ రోజుకొకటి చొప్పున 365 ఎపిసోడ్‌లు. పఠనం, ప్రార్థన, చిన్న వివరణ. ఇది కేథలిక్ బైబిల్ అని గుర్తుంచుకోండి. మధ్యలో కొన్ని రోజులు తప్పినా పరుగెత్తి అందుకోవాలని చూడొద్దు, ఆగిన చోటి నుంచే సాగండి. బైబిల్‌ప్రాజెక్ట్ పాడ్‌కాస్ట్ తీరు వేరు. టిమ్ మాకీ హీబ్రూ బైబిల్ పండితుడు, జాన్ కాలిన్స్ మామూలు పాఠకుడిలా అడుగుతూ పోతాడు. ఒక్క మాట చుట్టూ నాలుగైదు ఎపిసోడ్‌లు తిరగడం వాళ్లకి మామూలే.

బౌద్ధ ధ్యానానికి గిల్ ఫ్రాన్స్‌డల్ తదితరుల ఆడియో ధర్మ, ఇస్లాం గురించి ఒమర్ సులేమాన్ ప్రసంగాలు. పక్కవాళ్ల విశ్వాసం ఎలా ఉంటుందో వినాలనుకుంటే క్రిస్టా టిప్పెట్ ఆన్ బీయింగ్‌లో పాత ఇంటర్వ్యూలు కోకొల్లలు. మతాల మధ్య వాదోపవాదాలు పెట్టే షోలు నేను సిఫార్సు చేయను. ఎవరు నెగ్గారో గుర్తుంటుంది గానీ ఎవరేం నమ్ముతారో గుర్తుండదు.

వీటిని గిన్నెలు తోముతూ వినొద్దు. మూల గ్రంథం తెరిచి, వినాలనుకున్న భాగం ముందు చదివి, తర్వాత వినండి. ఆ రోజుకి అదొక్కటే. ఇంకో జాగ్రత్త. రోజూ చెవిలో పడే గొంతు ఇంట్లో మనిషిదంత దగ్గరైపోతుంది. ఆ గొంతు మందులు మానేయమన్నా, ఇంట్లోవాళ్లకి దూరంగా ఉండమన్నా, అత్యవసరంగా డబ్బు పంపమన్నా, అక్కడితో ఆ షోకి స్వస్తి చెప్పండి.

7. విన్నది నిలుపుకోవడం

ఎపిసోడ్ అవ్వగానే, తర్వాతది మొదలవ్వకముందే, రెండు మూడు వాక్యాలు మీ మాటల్లో రాయండి. నడుస్తుంటే ఫోన్‌లో వాయిస్ మెమో చాలు. 'ముప్పై రెండో నిమిషం దగ్గర' అని రాసుకోవడం వృథా కావొచ్చు. చాలా షోలలో ప్రకటనలు డౌన్‌లోడ్ చేసే సమయానికి చేరుతుంటాయి కాబట్టి ఈ రోజు 32వ నిమిషంలో ఉన్న మాట రేపు 34లో ఉండొచ్చు. నిమిషానికి బదులు ఆ వాక్యమే రాసుకోండి. ఆటోమేటిక్ ట్రాన్స్‌క్రిప్ట్ నుంచి కాపీ చేస్తే మనుషుల పేర్లు, సంస్కృత పదాలు, అంకెలు ఒకసారి సరిచూసుకోండి, అవి తప్పేది అక్కడే.

రాసుకున్నదాంట్లో ఒక అంకెనో, ఒక వాదననో మూలం దాకా వెళ్లి చూడండి. అన్నీ అక్కర్లేదు. ఒక్కటి సరిపోలకపోయినా ఆ షో మీద మీ నమ్మకం ఎంతుండాలో తెలిసిపోతుంది. ఇంట్లోనో ఆఫీసులోనో ఒకరికి అదే విషయం చెప్పి చూడండి, ఎక్కడ ఆగిపోతారో అక్కడ మీకింకా అర్థం కాలేదన్నమాట.

8. కోత

నెలకోసారి జాబితా తెరవండి. వరసగా మూడు ఎపిసోడ్‌లు వినకుండా దాటేసిన షోని అన్‌ఫాలో చేయండి, కావాలనుకుంటే మళ్లీ దొరుకుతుంది, ఎక్కడికీ పోదు. జవాబు దొరికిన ప్రశ్నని కొట్టేసి కొత్తది రాయండి. కొన్ని వారాలు వినడం కుదరక తిరిగొస్తే, వార్తల షోలన్నిటినీ ఒక్క నొక్కుతో 'విన్నట్టు' గుర్తుపెట్టేయండి. సిరీస్‌లని, ప్రవచనాలని మాత్రం ఆగిన చోటే ఉంచండి.